వేరే నంబరు మీద వెళ్ళిన కాయలు

నూజివీడు దాటి చాట్రాయి రోడ్డెక్కిన బస్సులో మే నెల మధ్యాహ్నం కూర్చుంటే కిటికీలోంచి గాలి కన్నా ముందు వాసన వస్తుంది. పచ్చికీ పండుకీ మధ్యలో ఉన్న కాయల వాసన. రోడ్డుకి రెండు పక్కలా తోటలు, తోటల కింద చిక్కటి నీడ, ఆ నీడలో ఎక్కడో ఒక నులక మంచం, దాని మీద నిద్రపోతున్న మనిషి. ఐదు వేసవులు ఆ బస్సులో సగం నిద్రలోనే ఉద్యోగానికి వెళ్ళాను. నిజంగా వెళ్తున్నానా, వెళ్తున్నట్టు కల కంటున్నానా అని చాలాసార్లు అనుమానం వచ్చేది.

ఈ ఏడు వెళ్ళడం లేదు. బాపులపాడు దగ్గర ఒక బడిలో లైబ్రరీ చూసుకునే పని దొరికింది. నా కుర్చీలోకి ఇద్దరు కొత్త అమ్మాయిలు వస్తున్నారట, వాళ్ళకి పని నేర్పి వెళ్ళమని మేనేజరు గారు కబురు పెట్టారు. పని నేర్పడానికి ఒక పూట చాలు. ఆ పూటలో నోటితో చెప్పలేనిది ఒకటుంది. ఎదురుగా మనుషులుంటే నాకు మాట పెగలదు, కాగితం అయితే పరవాలేదు. అందుకని డైరీలు ముందేసుకుని ఇది రాస్తున్నాను. చదవండి చెల్లాయిలూ, పని మధ్యలో కాదు, తీరిగ్గా.

మాది మామిడికాయలు విదేశాలకు పంపే షెడ్డు. రైతుల క్రేట్లు రాగానే వాటి మీద ఆ తోట నంబరు అంటించడం నా పని. తర్వాత ఒక్కో తోట కాయల్లోంచి కొన్ని తీసి కోసి చూస్తారు. ఒక్క తెల్ల పురుగు కనబడినా ఆ నంబరు పక్కన ఎర్ర గీత పడుతుంది. ఇక ఆ వేసవికి ఆ తోట కాయ సముద్రం దాటదు. ఇంతకన్నా మీకు తెలియాల్సింది లేదు.

నాకొక దొంగ అలవాటు ఉండేది. కాయలు ఒత్తుకుపోకుండా క్రేట్ల అడుగున రైతులు పాత పేపర్లు పరుస్తారు. ఖాళీ చేసిన క్రేట్లలోంచి ఆ పేపర్లు తీసి చదివేదాన్ని. ముఖ్యంగా ఆదివారం పేజీల్లో వచ్చే కథలు. సొన మరకల మధ్య సగం కథ దొరికేది, మిగతా సగం ఏ తోటకు వెళ్ళిందో తెలిసేది కాదు. ఆ సగం నేనే ఊహించుకుని డైరీలో రాసుకునేదాన్ని.

కాయలు ఏరే వరసలో ఒక అక్క ఉండేది. షెడ్డు మొత్తానికి నోరు ఆవిడే. నన్ను పంతులమ్మా అని పిలిచేది, నేను ఆదివారం మా ప్రార్థన మందిరంలో పిల్లలకు సండే స్కూలు చెబుతానని. "పాపం చేసినోళ్ళకి ఏం చేస్తారే మీ దేవుడు?" అని ఒకసారి అడిగింది. క్షమిస్తాడక్కా అన్నాను. "అట్టయితే రేపు సెలవు పెట్టకుండా మానేస్తా, మేనేజరుకి నువ్వే చెప్పు క్షమించమని" అంది. వరసంతా నవ్వింది. నేనూ తల వంచుకుని నవ్వాను.

పాపం, కృప, రక్షణ: ఈ మూడు మాటలకూ అర్థాలు నాకు ఏడేళ్ళప్పటి నుంచి కంఠతా వచ్చు. కృప అంటే అర్హత లేనివారికి దేవుడు ఉచితంగా చూపే దయ. ఈ ఒక్క వాక్యం తడబడకుండా చెప్పినందుకు స్టీలు గ్లాసు బహుమతిగా వచ్చింది. ఆ గ్లాసు ఇంకా మా ఇంట్లో ఉంది.

నా మూడో వేసవిలో, మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. ఆకాశం నేరేడుపండు రంగులోకి మారిపోయింది. రెండు ట్రాలీ ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, తలో ఇరవై క్రేట్లు దింపేసి, వాన పెరగకముందే వెళ్ళిపోయాయి. ఒక ఆటో చాట్రాయి అవతల ఒక మామ్మగారి చిన్న తోటది. రెండోది రెడ్డిగూడెం వైపు ఒక పెద్ద తోటది. తోట నంబరు రాసిన చీటీలు పై క్రేట్లలో దోపి ఉండేవి. గాలికి రెండూ ఎగిరి నేల మీద పడ్డాయి.

నా ముందు రెండు గుట్టలు, నా చేతిలో రెండు తడి చీటీలు. రెండిట్లోనూ బంగినపల్లి కాయలే.

క్రేట్లు దింపిన ముఠా వాళ్ళకి ఏది ఎవరిదో తెలుసు. ఎదుటి వరండాలో పదిమంది మగవాళ్ళు టీ తాగుతూ, ఒకరినొకరు ఆట పట్టించుకుంటూ నిలబడ్డారు. నేను వానలో అవతలికి వెళ్ళి, అంతమంది ముందు గొంతు పెంచి, "ఇందులో ఏ గుట్ట ఎవరిదండీ?" అని అడగాలి. నాలుగే మాటలు. డైరీలో రోజుకి నాలుగు పేజీలు రాసేదాన్ని, ఆ నాలుగు మాటలూ అనలేకపోయాను. సిగ్గేసింది. కుడివైపుది మామ్మగారిదే అయ్యుంటుందిలే అనుకున్నాను. నంబర్లు అంటించాను.

మర్నాడు మామ్మగారి నంబరున్న కాయ కోస్తే పురుగు కనబడింది. రెండో కాయలో కూడా. ఎర్ర గీత పడింది. పెద్ద తోట నంబరున్న కాయలు శుభ్రంగా ఉన్నాయి. ఆ సాయంత్రమే మద్రాసు లారీ ఎక్కి, అక్కడ్నుంచి విమానానికి వెళ్ళిపోయాయి. నేను మామూలుగానే ఎర్ర గీత పడిన క్రేటు అడుగు నుంచి ఒక పేపరు తీసుకున్నాను. అందులో సగం కథ ఉంది. ఒక అమ్మాయి రైల్వే స్టేషన్‌లో ఉత్తరం పట్టుకుని నిలబడి ఉంటుంది. రైలు వస్తున్న చప్పుడు దగ్గర పేజీ చిరిగిపోయింది. మడిచి డైరీలో పెట్టుకున్నాను.

మూడో రోజు మామ్మగారు వచ్చారు. సన్నటి మనిషి. కూలికి వెళ్ళి వెళ్ళి, చివరికి ఆ కాస్త తోట ఎట్లాగో నిలబెట్టుకున్న మనిషి. అంతకుముందు నంబరు రాయించుకోవడానికి వచ్చినప్పుడు షెడ్డులో అందరికీ చెప్పుకున్నారు, "నేనెట్టాగూ ఎక్కను, నా కాయన్నా విమానం ఎక్కుద్ది" అని. దాని కోసం నిచ్చెన వేసుకుని ఒక్కో పిందెకీ కాగితం కవరు తన చేత్తో కట్టారు.

"నా కాయలో పురుగేంటయ్యా?" అన్నారు మేనేజరు గారితో. "పిందె నాడు కవరు కట్టినదాన్ని. పురుగు ఎటునుంచి దూరుద్ది?"

"కోసి చూశాం మామ్మగారూ. మీ నంబరే."

"నంబరు నీది. కాయ నాది. కాయల కింద గడ్డి ఉందా లేదా? నేను ఎండుగడ్డి పరిచి పంపా. మా ఇంట్లో చదివే మొహం ఎవరిది, పేపరుండటానికి?"

"క్రేట్లు కడిగేశారండీ. గడ్డో పేపరో ఇప్పుడెవరు చూడొచ్చారు?"

నేను చూశాను. నా సంచీలో డైరీ ఉంది, డైరీలో పేపరుంది. ఆ పురుగు కాయలు ఆవిడవి కావు.

మేనేజరు గారు చెడ్డవారు కాదు. "మా వాళ్ళెవరైనా నంబరు తప్పు పడిందంటే వారంలోపు మీ తోట మళ్ళీ చూపించొచ్చు" అని నా వైపు తిరిగారు. "ఏమ్మా, నంబర్లు నువ్వేగా వేసింది? ఏమైనా తేడా వచ్చిందా?"

"సరిగ్గానే వేశానండి" అన్నాను.

వానరోజు నాలుగు మాటలకు లేవని గొంతు, ఆ రెండు మాటలకు ఎంత చక్కగా లేచిందో. మామ్మగారు నా ముఖంలోకి చూశారు. "ఆ పిల్లది అబద్ధమాడే మొహం కాదులే" అన్నారు మేనేజరు గారితో. చెంగు దులుపుకుని ఎండలోకి వెళ్ళిపోయారు.

చెల్లాయిలూ, పాపం అంటే నేను పెద్ద పెద్దవి ఊహించుకునేదాన్ని. తాగుడు, దొంగతనం, హత్య. అవి చేసే ధైర్యం నాకు లేదు కాబట్టి ఆ పాఠం నాది కాదనుకునేదాన్ని. నా పాపం చాలా మర్యాదగా వచ్చింది. తల వంచుకుని, అండీ అంటూ వచ్చింది.

వారం గడువుంది. ఏడు రోజులూ పొద్దున్నే ఈరోజు చెప్పేస్తాను అనుకుని బస్సెక్కేదాన్ని. షెడ్డు గేటు దాటగానే రేపు అనుకునేదాన్ని. తోటల మీదుగా పోతుంటే ప్రతి చెట్టు కిందా మామ్మగారే కూర్చున్నట్టు ఉండేది. మధ్యాహ్నం కునుకు తీస్తే కల వచ్చేది. రైలు వస్తున్న చప్పుడు వినబడుతుంది, నా చేతిలో ఉత్తరం ఉంటుంది, ఎవరికి ఇవ్వాలో రాసుండదు.

"ఏంటి పంతులమ్మా, ఈ మధ్య పేపర్లు చదవట్లేదే?" అంది అక్క. "కథలన్నీ అయిపోయినియ్యా?"

ఆ వారంలో వచ్చిన ఆదివారం పిల్లలకు పాఠం చెప్పాలి. నేను ఏటా చెప్పే పాఠమే. రెండు చీటీలు పట్టుకుంటాను. ఒకటి సిరా పులిమినది, అది మనది. ఒకటి తెల్లది, అది యేసు ప్రభువుది. సిలువ మీద ఆయన మన చీటీ తీసుకుని తన చీటీ మనకిచ్చాడు, మన శిక్ష ఆయన మీదకి, ఆయన నీతి మన మీదకి వచ్చింది అని చెప్పి చీటీలు మారుస్తాను. ఆ రోజు చీటీలు మార్చబోతూ మధ్యలో ఆగిపోయాను. మురికి తోట మీద మంచి కాయల గుర్తు. మంచి తోట మీద పురుగు గుర్తు. నేను షెడ్డులో చేసింది సరిగ్గా ఇదే. కాకపోతే ఆయన తెలిసి, ఇష్టపడి, తన మీదకి తెచ్చుకున్నాడు. నేను ఒక ముసలావిడ మీదకి ఆవిడకు తెలియకుండా తోశాను. తలనొప్పిగా ఉందని చెప్పి పిల్లల్ని ఇంటికి పంపేశాను.

వారం దాటిపోయింది. తెలుసుకోండి, కాయ మనకోసం ఆగదు. మామ్మగారి తోట కాయంతా చెట్టు మీదే పండడం మొదలుపెట్టిందని, జ్యూసు ఫ్యాక్టరీ లారీకి ఎత్తేశారని షెడ్డులో అనుకుంటుంటే విన్నాను. గుజ్జు అయిపోయే కాయకి ఏ తోట అని ఎవరూ అడగరు.

జూన్ మొదటి ఆదివారం మా మందిరంలో ప్రభు బల్ల, యేసు మనకోసం ప్రాణం పెట్టింది తలుచుకుని రొట్టె పంచుకునే ఆరాధన. అందరూ వరసగా మోకరిస్తారు. మా పాస్టరు అయ్యగారు రొట్టె ముక్క చేతిలో పెడుతూ వస్తారు. నా దగ్గరికి వచ్చేసరికి నేను చేతులు చున్నీ కిందే ఉంచాను. ఆయన ఒక్క క్షణం ఆగి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. ఆ ఒక్క క్షణం ఎంత పొడుగ్గా ఉందో నాకు ఇప్పటికీ తెలుసు.

ఆరాధన అయ్యాక బయట కుళాయి దగ్గర అయ్యగారు చేతులు కడుక్కుంటూ, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగారు. అంతా చెప్పేశాను. కుళాయి కట్టేయడం ఆయన మర్చిపోయారు.

"ఆమెకి చేసిందంతా తీర్చాక తీసుకుంటానండి. ఇప్పుడు నాకు యోగ్యత లేదు" అన్నాను.

"యోగ్యత చూసుకుని తీసుకోవాలంటే ముందు నేను ఆ రొట్టె పళ్ళెం పక్కన పెట్టెయ్యాలమ్మా" అన్నారు. "అయినా నాకెందుకు చెబుతున్నావు? నా తోట ఏం పోలేదుగా. ముందు వెళ్ళి ఆమెకి చెప్పు."

సోమవారం మేనేజరు గారి బల్ల మీద ఆ పేపరు పెట్టాను. ఆయన చాలాసేపు దాన్ని చూశారు, కథ చదువుతున్నారేమో అనిపించేంతసేపు. "ఆ రోజే అడిగాను కదమ్మా" అన్నారు. కేకలు వేసి ఉంటే బాగుండేది. వచ్చే ఏటికి మామ్మగారి నంబరు మీద గీత తీయిస్తామని, పెద్ద తోటది తర్వాత వచ్చిన కాయలో ఎలాగూ పురుగు బయటపడిందని చెప్పారు. "ఈ ఏడుకి మాత్రం ఏం చేయలేం. ఆ సంగతి నువ్వే చెప్పు ఆవిడకి." ఆ సాయంత్రం బస్సు దిగి, తోటల మధ్య మట్టిదారిన ఒక్కదాన్నే నడిచాను.

తోటలో కాయ లేదు. కాగితం కవర్లు మాత్రం చెట్ల కింద రాలి, గాలికి చిన్న చిన్న గోధుమరంగు కోళ్ళలా కదులుతున్నాయి. మామ్మగారు నులక మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నేను నిలబడే చెప్పాను. గాలివాన, రెండు చీటీలు, పేపరు, సరిగ్గానే వేశానండి అన్న మాట. ఒక్కటీ వదల్లేదు.

"నోరు లేదా నీకు?" అని మొదలుపెట్టారు ఆవిడ. "అడుగున గడ్డుందా లేదా అని కళ్ళెదురుగా మొత్తుకున్నానే! ఎదురుగా కూచుని గుడ్లప్పగించి చూస్తివి! నీది అబద్ధమాడే మొహం కాదని నేనే అన్నా, నన్ననాలి. ఎందుకొచ్చావు ఇప్పుడు? ఏం ఉందని? ఆ కవర్లు ఏరుకుపో!"

చేట కింద పెట్టేశారు. వెళ్ళిపోనా అనుకున్నాను. కానీ చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

"మామ్మగారూ, మీ కాయలు విమానం ఎక్కాయండి."

"ఏంటీ?"

"ఆ మొదటి ఇరవై క్రేట్లు. అవి మీవే. వాళ్ళ నంబరు మీద వెళ్ళాయి."

ఆవిడ నన్ను చూశారు, తర్వాత చెట్లను చూశారు, మళ్ళీ నన్ను చూశారు. "ఎక్కినియ్యా?" అన్నారు చిన్న గొంతుతో. "నా కాయలు?" కాసేపటికి అరచేత్తో తొడ మీద కొట్టుకుని, "ఆళ్ళ పేరు మీద! పురుగు కాయలోళ్ళ పేరు మీద నా కాయలు!" అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతుంటే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ తుడుచుకోవడం నవ్వుకో ఏడుపుకో నాకు తెలియలేదు. "పో ఇంటికి. చీకటి పడుద్ది" అన్నారు చివరికి.

దాన్ని నేను క్షమాపణ అనుకోలేదు. తీర్చుకోవాలనే అనుకున్నాను. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే ఆవిడ తోటకు వెళ్ళి చీపురు పట్టుకునేదాన్ని. ఎండుటాకులు ఊడ్చాను, కవర్లన్నీ ఏరాను. ఆవిడ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. నాకు లోపల కొంచెం హాయిగా ఉండేది. ఇన్ని వారాలు చేస్తే ఇంత తగ్గుతుందని మనసులో లెక్క కట్టుకునేదాన్ని. కృప అంటే ఏమిటో చెప్పి స్టీలు గ్లాసు అందుకున్న మనిషిని నేను.

జూన్ చివరి ఆదివారం. సన్నగా తుంపర పడి ఆగింది. తోటంతా ఆవిరిగా, నీళ్ళ అడుగు నుంచి చూస్తున్నట్టుగా ఉంది. నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఆకులు పడుతున్నాయి.

"ఏమే, ఎన్నాళ్ళు ఊడుస్తావు?" అన్నారు మామ్మగారు మంచం మీద నుంచి.

"తీరేదాకా అండీ."

"ఏంటి తీరేది?"

నేను ఇంకో చెట్టు కిందికి జరిగి ఊడవసాగాను.

"చెట్టు రాలుస్తానే ఉంటది, నువ్వు ఊడుస్తానే ఉంటావు. నీ ఊడుపుతో నా కాయ వెనక్కి రాదు. అది పోయింది. పోయిందని నేను ఏడ్చా, తిట్టా, ఆ రోజే వదిలేశా. నువ్వెందుకు దాన్ని ఎత్తుకుని తిరుగుతున్నావు? చీపురవతల పెట్టి ఇట్టా రా."

ఆవిడ మంచం కిందకి చెయ్యి పెట్టి ఎండుగడ్డిలోంచి ఒక కాయ తీశారు. పెద్ద రసం. పాక పక్కన ఒక్కటే చెట్టుంది, దాని ఆఖరి కాయలు మూడో నాలుగో దాచారట. తొడిమ అప్పుడే తుంచి నా చేతిలో పెట్టారు.

"ఇంటికి తీసుకెళ్ళి తింటానండి" అన్నాను.

"ఇక్కడే తిను. నా ఎదురుగా."

రసం పండు తినడం ఎలాగో మీకు తెలుసు. కోసి, పళ్ళెంలో పెట్టుకుని, మర్యాదగా తినడానికి అది బంగినపల్లి కాదు. నలిపి, నోరు పెట్టి జుర్రుకోవాలి. నేను పుట్టి బుద్ధెరిగాక ఒకరి ముందు రసం పండు తినలేదు, గది తలుపు వేసుకునే తినేదాన్ని. ఆవిడ చేతులు ముడుచుకుని చూస్తున్నారు. నేను తిన్నాను. గడ్డం మీదుగా, మణికట్టు మీదుగా, మోచేతుల దాకా రసం కారింది. కళ్ళ నుంచీ ముక్కు నుంచీ కూడా కారింది. ఏది ఏదో తెలియలేదు. ఊడవడం చాలా సుఖం. ఆ పండు తినడమే ఎంతో కష్టమైంది. నేను నష్టపరిచిన మనిషి, ఆ నష్టం తనే భరించి, ఆపైన తన దగ్గర మిగిలిన ఆఖరిది నా చేతిలో పెట్టి తినమంటుంటే, నేను ఇవ్వగలిగింది ఏమీ లేదని తెలిసిపోయింది.

ఉచితం అనే మాటకు నేను వేసుకున్న అర్థం తప్పు. ఉచితమంటే ఖరీదు లేనిదని కాదు. ఆ ఖరీదు ఇంకెవరో అప్పటికే మోసేశారని. సిలువ గురించి ఇరవై ఏళ్ళు విన్నాను. విన్నది ఆ మంచం పక్కన అర్థమైంది.

"టెంక కూడా చీకు" అన్నారు మామ్మగారు. "వదిలిపెట్టమాక."

తర్వాత అయ్యగారితో అన్నాను, ఆవిడ మన మందిరం గుమ్మం కూడా ఎక్కిన మనిషి కాదు కదండీ అని. ఆయన నవ్వారు. "దేవుడు ఎవరి చేత్తో పెట్టాలో నువ్వూ నేనూ చెబుతామా?"

తాజాగా తుంచిన తొడిమ సొన మంచిది కాదు. ఆ ఆత్రంలో నేను తుడుచుకోలేదు. రెండు రోజులకి మూతి కుడి పక్కన పొక్కి నల్లటి మచ్చ కట్టింది. అక్క చూసి "పంతులమ్మా, ఎవరి తోటలో దొంగతనం చేశావే?" అంది. ఈసారి తల వంచుకోలేదు. ఒక మామ్మగారు పెట్టారక్కా అని చెప్పి, ఎందుకు పెట్టారో కూడా మొదట్నుంచీ చెప్పాను. అక్క తన చేతిలో ఉన్న కాయ ఎందులో వేయాలో మర్చిపోయి కాసేపు అలాగే పట్టుకుంది.

జులై మొదటి ఆదివారం మళ్ళీ ప్రభు బల్ల. ఆ వేళకి ఆ మచ్చ పోతుందేమోనని చూశాను. పోలేదు. పౌడరు రాసినా కనబడుతూనే ఉంది. సండే స్కూలు పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని నా మూతిని చూపించుకుంటున్నారు. అయ్యగారు వరసలో ఒక్కొక్కరి దగ్గరా వంగుతూ నా ముందుకు వచ్చి ఆగారు. ఎంత కడిగినా నా వేళ్ళ సందుల్లో రసం పండు వాసన ఇంకా ఉన్నట్టే అనిపించింది. చున్నీ కింద నుంచి రెండు చేతులూ బయటికి తీసి చాచాను. ఆయన రొట్టె పెట్టారు. మూతి మీద ఆ మచ్చతోనే నోరు తెరిచాను.